లారీ వేళ

లియెపాయాలో గాలికి సెలవు లేదు.
కిటికీ సందుల్లో పాత తూకం రసీదులు కుక్కాను,
రేవు కాటా మూతపడిన రోజు తెచ్చుకున్నవి.
ఇరవై రెండేళ్లు అక్కడ లారీలు తూచాను:
ఖాళీగా ఎంత, నిండితే ఎంత,
డ్రైవరు చెప్పేది ఎంత.
ఇప్పుడు మనుషుల్ని తూస్తున్నాను,
ఆరుగురి బల్ల దగ్గర, ముఖాలు లేకుండా.

పసుపు చుక్క పెట్టానంటే వాడు దేనికైనా కాల్ అంటాడు,
వాడి ముందు అబద్ధమాడటం దండగ.
బూడిద చుక్కవాడు ఆసులు పడితే తప్ప కదలడు;
కదిలాడా, రాణుల జంటనైనా కింద పెట్టేయాలి.
ఇంకొకడు ఓడిన మరుక్షణం పందెం రెండింతలు చేస్తాడు.
మంచినీళ్లు తాగొచ్చేంత వ్యవధి ఇస్తే
మళ్లీ మనిషవుతాడు.
ఇవ్వను.

తాయిన్యా 61కి ఎర్ర చుక్క.
బ్రెజిల్లో అదొక చేప పేరట.
నాలుగు వేల పంపకాలు చూసి రాసుకున్న నోటు:
"వెంటనే కాస్తే నిజం.
పదకొండు సెకన్లు దాటి ఆల్ ఇన్ అంటే బొంకు.
కాల్ చెయ్యి. భయపడకు."
ఆ చివరి మాట వాడి గురించి కాదు.

జనవరిలో ఒక వేకువ, నాలుగూ పది.
నా చేతిలో ఆసూ జాకీ.
ఫ్లాప్‌లో జాకీ, ఏడు, నాలుగు. టర్న్‌లో రెండు.
రంగులేవీ కలవలేదు.
వాడు కాస్తూ వచ్చాడు, నేను వెంట నడిచాను.
రివర్‌లో రాజు దిగాడు.
అక్కడ ఆగాడు వాడు.
పచ్చ గీత కరుగుతోంది.
ఎనిమిది. తొమ్మిది.
కిటికీలో రసీదులు ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి.
పదకొండు దాటింది. గీత మొదలంటా అయిపోతుండగా
ఉన్నదంతా నెట్టేశాడు.

నోటు చూడనక్కర్లేదు. కాల్.

రాజూ, ఏడూ.

రెండు నెలల అద్దె అటు జారిపోయింది,
ఎక్కడో ఎప్పుడో రికార్డు చేసిన చిప్స్ చప్పుడుతో.
అప్పుడు, ఎన్నడూ మాట్లాడనివాడు చాట్‌లో:
"క్షమించు. లారీ వచ్చింది.
రాజు పడ్డాడని చూడనేలేదు."

ఇటాజాయి రేవులో చేపల గిడ్డంగికి రాత్రి కాపలా.
పేరు జెనేజియో.
హారన్ మోగితే వెళ్లి గేటెత్తి,
గీత ఆఖరి అంగుళంలో పరిగెత్తుకొచ్చి,
బల్ల మీద ఏముందో చూడకుండా మొత్తం తోసేసి,
మళ్లీ పరిగెడతాడట, గేటు దించడానికి.
అందరూ పారిపోతారు కదా, పని సులువు.
ఫోల్డ్ నొక్కితే పోయేదిగా అన్నాను.
"ఆ బటన్ నాకు అలవాటు లేదు."

అంటే నా లెక్క తప్పలేదు.
పదకొండు దాటితే ఎక్కువసార్లు బొంకే,
రేపైనా కాల్ చేయడమే ఒప్పు.
తప్పింది మనిషి.
గోళ్లు కొరుక్కుంటూ, ధైర్యం కూడగట్టుకుంటూ
తెర అవతల వణికే ఒకణ్ని
ఇన్నాళ్లూ ఎంత శ్రద్ధగా చూశాను!
అక్కడున్నది ఖాళీ కుర్చీ.
ఇరవై రెండేళ్లు లారీల మధ్య నిలబడ్డదాన్ని,
ఆ హారన్ నాకు వినపడలేదు.

నోటు చెరపలేదు.
కింద ఒక్క మాట చేర్చాను: లారీ.

మర్నాడు నాలుగూ పదికి ఆట నా దగ్గరికొచ్చింది.
ఎనిమిదీ మూడూ, చెరో రంగు.
పసిపిల్లలైనా పారేసే ముక్కలు.
నా తర్వాత వంతు అతనిది.
వేలు ఫోల్డ్ మీద ఉంచి
పచ్చ గీతను కరగనిచ్చాను,
ఎనిమిది, తొమ్మిది,
ఇటాజాయిలో ఇనుప కమ్మీ పైకి లేచేదాకా,
పది,
వెనక చక్రాలు గడప దాటేదాకా.

బల్ల దగ్గర ఎవడో విసుక్కున్నాడు.
ఇంకెవడో ఈపాటికి నా పేరు పక్కన రాసుకుంటూ ఉంటాడు:
"ఈమె ఇంతసేపు ఆలోచించి వదిలేసిందంటే
చేతిలో పెద్దదే ఉండి ఉంటుంది."

రాసుకోనీ.